హైదరాబాద్ ఇంటి కప్పుకు తగిన పెంకును ఎంచుకోవడం ఎలా

పెంకుల దుకాణంలో అడుగుపెట్టినవారు సాధారణంగా మొదట రంగు చూస్తారు, తరువాత ధర అడుగుతారు. ఇంటి కప్పుకు ఏ పెంకు తగినదో తేల్చేవి మాత్రం ఆ రెండూ కావు. కప్పుకు ఎంత వాలు ఉంది, పెంకుల బరువును మోసేది ఏమిటి, ఆ కప్పు మీద మనుషులు తిరగవలసి ఉంటుందా అనే మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు దొరికితే, దుకాణంలో కనిపించే రకాలలో చాలావరకు వాటంతట అవే తప్పుకుంటాయి. మిగిలిన రెండు మూడింటిలో రంగును, ధరను నిశ్చింతగా చూసుకోవచ్చు. ఈ వరుస తలకిందులైన ఇళ్ళలోనే లక్షలు పోసి వేయించిన కప్పు రెండో వానాకాలానికే ఉరవడం మొదలవుతుంది, మే నెల మధ్యాహ్నం పై అంతస్తులో కూర్చోలేని పరిస్థితి వస్తుంది.

ఈ ఊరి వాతావరణాన్ని కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున దక్కను పీఠభూమి మీద ఉంది. ఏడాదికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. మంగళూరులో దీనికి నాలుగు రెట్లకు పైగా కురుస్తుంది. అక్కడ పెంకుకు మొదటి పరీక్ష వాన, ఇక్కడ మొదటి పరీక్ష ఎండ. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదైంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. అయితే వాన తక్కువ కదా అని అలక్ష్యం చేయడానికి వీలులేదు. ఇక్కడి వాన నెమ్మదిగా కాక ఒక్కపెట్టున కురుస్తుంది. 2020 అక్టోబర్ 13న బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈదురుగాలులతో పాటు వడగళ్ళు పడతాయి. కాబట్టి ఇక్కడి కప్పు సంవత్సరంలో చాలాకాలం ఎండను ఆపాలి, కొద్ది రోజులు మాత్రం గాలితో కలిసి వచ్చే జోరువానను ఆపాలి. వడగళ్ళకు పగలకుండా కూడా ఉండాలి.

వాలు, బరువు, అడుగులు

పెంకు నీటిని తనలోంచి పోనివ్వకపోవడం వల్ల కప్పు కారకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెంకుల కప్పు పనిచేసే తీరు వేరు. ఒక పెంకు మీద పడిన నీరు కింది పెంకు మీదికి, అక్కడినుంచి చూరుకు జారిపోయేంత వేగం ఉండాలి. ఆ వేగాన్ని ఇచ్చేది వాలు. వాలు చాలకపోతే నీరు నిదానిస్తుంది, గాలి దాన్ని పెంకుల అతుకుల కిందికి వెనక్కి నెడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన పెంకయినా ఫలితం ఒక్కటే. మట్టితో చేసిన మంగళూరు రకం పెంకులకు అడ్డంగా అడుగు పొడవుకు కనీసం ఆరు అంగుళాలు లేచే వాలు, అంటే సుమారు 27 డిగ్రీలు, ఉండాలని నియమంగా పెట్టుకోవడం మంచిది. ఏడు అంగుళాలు ఉంటే మరీ మంచిది. కాంక్రీటు పెంకుల అతుకులు లోతుగా, ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఉంటాయి కనుక అడుగుకు ఐదు అంగుళాల వాలుతో సరిపెట్టుకోవచ్చు. అంతకంటే తక్కువ వాలు ఉన్న కప్పుకు విడి పెంకులు వద్దు. అక్కడ పొడవాటి షీట్లనో, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్‌నో ఆశ్రయించాలి. ఇప్పటికే కట్టిన కప్పు వాలును తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. మేస్త్రీ దగ్గర ఉండే స్పిరిట్ లెవెల్‌ను అడ్డంగా సరిగ్గా పట్టుకొని, ఒక చివర కప్పుకు ఆనించి, అక్కడినుంచి ఒక అడుగు దూరంలో కప్పుకూ లెవెల్‌కూ మధ్య ఎడం ఎన్ని అంగుళాలో కొలిస్తే చాలు.

రెండోది బరువు. మట్టి పెంకులైనా, కాంక్రీటు పెంకులైనా చదరపు మీటరుకు సుమారు 40 నుంచి 45 కిలోల బరువు వేస్తాయి. రాతి పొడి అద్దిన ఉక్కు పెంకు అదే వైశాల్యానికి ఆరేడు కిలోలు మాత్రమే ఉంటుంది. పునాది నుంచి కొత్తగా కడుతున్న ఇంటికి ఈ తేడా పెద్ద విషయం కాదు, ముందే లెక్క వేసి దూలాలు, వాసాలు పెట్టుకోవచ్చు. పాతికేళ్ళ క్రితం కట్టిన డాబా మీద గదిగాని, మెట్ల మీద కప్పుగాని వేయదలచిన వారికి మాత్రం ఇదే నిర్ణయాత్మకం. అటువంటి చోట స్ట్రక్చరల్ ఇంజనీరుకు పాత ప్లాన్ చూపించకుండా బరువైన పెంకును కొనకూడదు. డాబా మీద శాశ్వతంగా కప్పు వేయడం అదనపు నిర్మాణం కిందికి వస్తుంది కనుక అనుమతి సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

మూడోదానికి ఒక్క వాక్యం చాలు. బట్టలు ఆరవేయడానికి, నీళ్ళ ట్యాంకు కడగడానికి, సోలార్ ప్యానెళ్ళు తుడవడానికి తరచుగా ఎక్కవలసిన కప్పు మీద విడి పెంకులు నిలవవు.

మట్టి పెంకులు

గూన పెంకులు ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో ఇంటింటి కప్పు. కుమ్మరి సారె మీద చేసి ఆవంలో కాల్చిన ఈ అరగొట్టపు పెంకులను ఒక వరుస వెల్లకిలా, దానిమీద మరొక వరుస బోర్లా పరుస్తారు. వీటి మందం, రెండు వరుసల మధ్య నిలిచే గాలి కలిసి ఇంటిని చల్లగా ఉంచుతాయి. అయితే ఇవి ఒకదానికొకటి బిగిసి ఉండవు, గాలికి, పిల్లులకు, కోతులకు జరిగిపోతాయి. ఏటా మృగశిర కార్తెకు ముందు మనిషిని పెట్టి సర్దించుకోవలసిందే. ఆ పని తెలిసినవారు నగరంలో దొరకడం కష్టం. అందువల్ల మొయినాబాద్ వైపో, శామీర్‌పేట వైపో తోట ఇల్లు కట్టుకొని, దగ్గరి ఊరిలో పనివాళ్ళు ఉన్నారని నిర్ధారించుకున్నవారు తప్ప మిగిలినవారు ప్రధాన ఇంటికి వీటిని ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వరండాకు, తోటలోని చావడికి ఇవి చక్కగా పనికివస్తాయి.

మనలో చాలామంది బెంగుళూరు పెంకులని పిలిచే మంగళూరు పెంకుల కథ వేరు. 1860వ దశకంలో బాసెల్ మిషన్ వారు మంగళూరులో వీటిని యంత్రాల మీద అచ్చు పోయడం మొదలుపెట్టారు, అక్కడినుంచి ఇవి దక్షిణ భారతమంతా వ్యాపించాయి. సికింద్రాబాద్, బొల్లారం వైపు మిగిలిన పాత బంగళాల మీద వాటిని ఇప్పటికీ చూడవచ్చు. పెంకు అంచున ఉండే గాడి పక్క పెంకులో ఇముడుతుంది, వెనుక ఉండే ముక్కు రీపరుకు, అంటే వాసాల మీద అడ్డంగా బిగించే సన్నని పట్టీకి, తగులుకుంటుంది. అందుకే గూన పెంకు కంటే తక్కువ బరువుతో ఎక్కువ బిగువుగా నిలుస్తుంది. రంగు పైపూత కాదు, మట్టిలోని ఇనుము కాలడం వల్ల వచ్చినది. ఎన్ని ఎండలు కాసినా వెలిసిపోదు. పాతబడేకొద్దీ కొంచెం నల్లబడుతుంది, నీటితో కడిగితే మళ్ళీ తేరుకుంటుంది. ఇంటివారు పెట్టిన ఖర్చుకు ఎక్కువకాలం పనిచేసే పెంకు ఏదని అడిగితే, తగిన వాలు ఉన్న ఇంటికి ఇదేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అయితే మట్టి పెంకుల్లో మంచివాటికీ నాసిరకానికీ తేడా చాలా ఉంటుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 654 ఈ పెంకులను రెండు తరగతులుగా విభజించి, నీటిని పీల్చుకునే పరిమాణం మేలు తరగతిలో 18 శాతానికి, రెండో తరగతిలో 20 శాతానికి మించకూడదని చెబుతుంది. దుకాణదారును ఈ ప్రమాణం గురించి అడగడం ఎంత అవసరమో, పెంకును స్వయంగా పరీక్షించడం కూడా అంతే అవసరం. దొంతరలో పైన పెట్టినవాటిని కాక మధ్యలోంచి నాలుగైదు తీయించాలి. ఒకదాన్ని ఒక మూల రెండు వేళ్ళతో వేలాడేలా పట్టుకొని వేలి కణుపుతో కొట్టాలి. బాగా కాలిన పెంకు కంగుమని మోగుతుంది. మొద్దుగా డబ్బుమన్నదంటే లోపల పచ్చిగా ఉన్నదనో, కంటికి కనిపించని బీట ఉన్నదనో అర్థం. తరువాత ఒకదాన్ని విరగగొట్టించి విరిగిన అంచును చూడాలి. అంచు పొడవునా ఒకే ఎరుపు ఉంటే కాల్పు సమంగా జరిగిందని తెలుస్తుంది. ఆ అంచులో తెల్లని పలుకులు కనిపిస్తే ఆ సరుకును వదిలేయడం మంచిది. అవి మట్టిలో కలిసిన సున్నపు రాళ్ళు. కొలిమిలో కాలి, తరువాత వాన చెమ్మకు ఉబ్బి, పెంకు ముఖం మీది పొరను పెచ్చులుగా ఊడదీస్తాయి. ఈ లోపం కొన్నరోజు కనిపించదు, మొదటి వానాకాలం చివరకు బయటపడుతుంది.

నీటి పరీక్ష ఇంటి వద్ద చేసుకోవచ్చు. ఎండలో బాగా ఆరిన పెంకును వంటింటి తూకం మీద తూచి, ఒక పగలు ఒక రాత్రి నీళ్ళలో ముంచి ఉంచి, గుడ్డతో తుడిచి మళ్ళీ తూచాలి. 2,600 గ్రాములున్న పెంకు 3,000 గ్రాములైతే అది సుమారు 15 శాతం పీల్చిందని లెక్క, అది మంచి పెంకే. 3,200 గ్రాములకు చేరితే 23 శాతం పీల్చినట్టు, ఆ సరుకు ప్రమాణానికి అందదు. అదే విధంగా రెండు పెంకులను పక్కపక్కన చదునైన నేల మీద పరచి, అతుకులో కూర్చుంటున్నాయా, మెలి తిరిగి ఒక మూల లేస్తున్నాయా చూడాలి. మెలి తిరిగిన పెంకు కప్పు మీద తన పక్కదాన్ని కూడా లేపుతుంది.

పాత ఇళ్ళు కూల్చిన చోట నుంచి వచ్చే పెంకులు చౌకగా దొరుకుతాయి. కొన్ని కొత్తవాటి కంటే గట్టివి. కాని వేర్వేరు కర్మాగారాల పెంకుల కొలతలు సరిపోలవు, గాడిలో కూర్చోవు. వెనుకవైపు అచ్చు గుర్తు చూసి ఒకే కర్మాగారానివి మాత్రమే ఏరుకొనే ఓపిక ఉంటే తీసుకోవచ్చు.

ఎండ విషయంలో మట్టి పెంకు ఒక్కటే ఉంటే సరిపోదని గుర్తుంచుకోవాలి. పగలంతా వేడెక్కిన పెంకు కింద ఉన్నవారి మీదికి ఆ వేడిని ప్రసరిస్తుంది. దీనికి పాతకాలపు ఉపాయమే ఇప్పటికీ మేలైనది. రీపర్ల కింద చదునైన సీలింగ్ పెంకును ఒక వరుస పరచి, దానిపై మంగళూరు పెంకును వేస్తే రెండింటి మధ్య గాలి నిలుస్తుంది. చూరు దగ్గర, రెండు వాలులు పైన కలిసే కొప్పు దగ్గర ఆ గాలి పోవడానికి సందు ఉంచితే వేడి పైకి వెళ్ళిపోతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సీలింగ్ పెంకుకు బదులు అల్యూమినియం ఫాయిల్ పొరను పరచవచ్చు. దాని మెరిసే ముఖం తప్పనిసరిగా గాలి సందు వైపు ఉండాలి. దేనికైనా తగిలి ఉంటే అది పనిచేయదు.

నగర శివార్లలో కోతుల బెడద ఉన్న కాలనీలలో మట్టి పెంకు పెట్టాలా వద్దా అనేది ఇరుగుపొరుగును అడిగి నిర్ణయించుకోవాలి. మంద ఒకసారి కప్పు మీదుగా పోతే పది పదిహేను పెంకులు పగలడం మామూలు.

కాంక్రీటు, గ్లేజు పెంకులు

సిమెంటు, ఇసుకలతో యంత్రం మీద ఒత్తి చేసే కాంక్రీటు పెంకు ఒక్కొక్కటి నాలుగు కిలోలకు పైగా బరువుంటుంది, చదరపు మీటరుకు సుమారు పది పడతాయి. కొలతలు ఖచ్చితంగా ఉంటాయి, మనిషి జాగ్రత్తగా అడుగు వేస్తే ఓర్చుకుంటాయి, వడగళ్ళకు మట్టి పెంకు కంటే బాగా నిలుస్తాయి. వీటి బలహీనత రంగు. రంగు పొడిని కాంక్రీటు మొత్తంలో కలిపారా, పైన మాత్రమే పూశారా అనేది విరిగిన ముక్క అడిగి చూస్తే తెలుస్తుంది. పైపూత మాత్రమే ఉన్నది మన ఎండకు కొన్నేళ్ళలో వెలిసిపోతుంది. లోపలంతా రంగు కలిసినది కూడా కొంత పాలిపోతుంది కాని మచ్చలు మచ్చలుగా కనిపించదు. కొత్త పెంకుల మీద తెల్లని ఉప్పు పూసినట్టు కనిపించడం సిమెంటులోని సున్నం బయటికి రావడం వల్ల జరిగేది, అది వానలకు క్రమంగా పోతుంది. పోత పోసి నాలుగు వారాలు నిండని సరుకును లారీలోకి ఎక్కించనివ్వకూడదు.

గ్లేజు, అంటే గాజులాంటి నున్నని పూత, వేసిన సెరామిక్ పెంకులు ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ ప్రాంతం నుంచి వస్తాయి. నీటిని చాలా తక్కువగా పీలుస్తాయి, దుమ్ము వానకు జారిపోతుంది. మెరుపు చూసి ముదురు నీలం, నలుపు రంగులు ఎంచుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. నిగనిగలాడే ముదురు రంగు కూడా ఎండను మింగుతుంది. తడిసినప్పుడు వీటిమీద కాలు నిలవదు.

ఉక్కు, షింగిల్స్, ప్లాస్టిక్, సిమెంటు రేకులు

ఇప్పటికే ఉన్న ఇంటి పైన తేలికైన కప్పు కావలసినవారికి రాతి పొడి అద్దిన ఉక్కు పెంకు సరైనది. ఉక్కు రేకు మీద తుప్పు పట్టకుండా అల్యూమినియం, జింకు మిశ్రమపు పూత ఉంటుంది; ఆ పూతలో 55 శాతం అల్యూమినియం ఉంటుంది. రేకు మందం ఎంత, పూత ఏ రకం అన్న రెండూ బిల్లు మీద రాయించుకోవాలి. మందం 0.4 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. రాతి పొడి వల్ల వాన చప్పుడు మామూలు రేకు కంటే తక్కువ. కాని ఈ పెంకు వేడిని నిలువరించదు; కింద ఇన్సులేషన్, దాని కింద సీలింగ్ లేకపోతే మధ్యాహ్నం ఆ గదిలో ఉండలేరు. దుకాణంలో చెప్పే ధరకు ఈ రెండింటి ఖర్చు కలిపిన తరువాతే మట్టి పెంకుతో పోల్చాలి. అలా పోల్చినప్పుడు తేడా ఎంత తగ్గిపోతుందో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

తారు షింగిల్స్ అంటే తారు పట్టించిన పలుచని పలకలు, వాలు స్లాబు మీదగాని, ప్లైవుడ్ మీదగాని అతికించి మేకులు కొట్టేవి. చూడటానికి బాగుంటాయి, కాని ఎక్కువగా ముదురు రంగుల్లోనే వస్తాయి, తారు మన ఎండకు ఏటేటా ఎండిపోయి పైనున్న రాతి పొడిని వదిలేస్తుంది. హైదరాబాద్‌లో వీటిని నేను సిఫారసు చేయను.

పెంకు ఆకారంలో వచ్చే యు.పి.వి.సి. షీట్లు కారు షెడ్డుకు, పనిగదికి సరిపోతాయి. ప్లాస్టిక్ వేడికి ఎక్కువగా సాగుతుంది. మూడు మీటర్ల షీటు తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నపు ఎండకీ మధ్య ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరగవచ్చు, అదే పొడవు ఉక్కు ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి స్క్రూ రంధ్రం స్క్రూ కంటే పెద్దదిగా వేసి, రబ్బరు వాషర్ పెట్టి, మరీ బిగించకుండా వదలాలి. ఈ సంగతి తెలియని పనివాడు బిగించిన షీటు స్క్రూల దగ్గర చీలుతుంది.

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు చౌక కనుక ఇప్పటికీ వేస్తున్నారు. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. మనుషులు నివసించే ఇంటికి వాటిని కొత్తగా వేయవద్దు. ఇప్పటికే ఉన్నవాటిని కోయడం, రంధ్రాలు వేయడం, పగలగొట్టడం చేయవద్దు. తీయవలసి వస్తే తడిపి, ముక్కలు కాకుండా దింపించాలి.

వాలు స్లాబు మీద పెంకు

ఈ మధ్య కడుతున్న డ్యూప్లెక్స్ ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది వాలుగా పోసిన కాంక్రీటు స్లాబు, దానిమీద సిమెంటు మాలుతో అతికించిన పెంకు. కప్పు ఉరుస్తోందన్న ఫిర్యాదులు కూడా వీటి గురించే ఎక్కువ. కింద స్లాబు ఉంది కదా, పైన పెంకు అలంకారమే కదా అన్న ధీమాతో వాటర్‌ప్రూఫింగ్ వదిలేయడం ఇందుకు కారణం. వాలు స్లాబును పోసేటప్పుడు కాంక్రీటు కిందికి జారుతుంది, వైబ్రేటర్ సరిగా పెట్టడం కష్టం, అందువల్ల చదును స్లాబు కంటే ఇందులో గుల్లతనం ఎక్కువగా మిగులుతుంది. పెంకుల అతుకుల నుంచి దిగిన నీరు మాలులో నిలిచి, దారి వెతుక్కుంటూ స్లాబులోకి దిగుతుంది. నీరు వాలు వెంట ప్రయాణించి ఎక్కడో బయటపడుతుంది కనుక లోపల చెమ్మ కనిపించిన చోటుకు సరిగ్గా పైన పగిలిన పెంకు ఉండదు. ఆ చోట పెంకులు తీసి వెతికినవారికి ఏమీ దొరకదు. లోపలి మరక నుంచి కొప్పు వైపుగా పైకి వెతుక్కుంటూ పోవాలి.

సరైన వరుస ఇది. స్లాబు పోసి నీళ్ళు పెట్టడం పూర్తయ్యాక, పెంకు రాకముందే, స్లాబు మొత్తానికి, పిట్టగోడకు తగిలే మూల వరకు వాటర్‌ప్రూఫింగ్ వేయించి, పైపుతో నీళ్ళు కొట్టి రెండు రోజులు లోపల గమనించాలి. ఆ తరువాత వాలు వెంట నిలువుగా సన్నని పట్టీలు, వాటిమీద అడ్డంగా రీపర్లు వేసి పెంకును తగిలించాలి. నిలువు పట్టీలు ఉండటం వల్ల కిందికి చేరిన నీరు ఆగకుండా చూరుకు పోతుంది, పెంకుకూ స్లాబుకూ మధ్య గాలి ఆడి స్లాబు తక్కువగా వేడెక్కుతుంది. పట్టీలకు మేకు దిగిన ప్రతిచోటా సీలెంట్ పెట్టించాలి. మాలుతో అతికించడం కంటే ఇది కొంత ఖర్చు. కాని పగిలిన పెంకును మార్చాలంటే ఇక్కడ చేత్తో ఎత్తి మార్చవచ్చు, మాలులో కూరుకున్నదాన్ని సుత్తితో పగలగొట్టాలి, ఆ దెబ్బకు కింది వాటర్‌ప్రూఫింగ్ కూడా దెబ్బతింటుంది.

రెండు వాలులు కలిసే లోయ ఉంటే అక్కడి రేకు వెడల్పు విషయంలో పొదుపు పనికిరాదు. వేప, రావి ఆకులు అక్కడే చేరి నీటిని ఆపుతాయి. ఇంటి ఆకారాన్ని ఎంచుకునే దశలోనే ఉన్నవారు లోయలు లేని రెండు వాలుల సాదా కప్పును అడిగితే సగం బాధ తప్పుతుంది.

డాబా మీద చల్లని టైల్స్

నగరంలో ఎక్కువ ఇళ్ళకు ఉన్నది చదును స్లాబే. ఇక్కడ వాన కంటే ఎండ ముఖ్యం, కాబట్టి తెల్లని, కాంతిని తిప్పికొట్టే కూల్ రూఫ్ టైల్స్ గురించి ఆలోచించాలి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-2028 కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది; ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. హైదరాబాద్ పరిసరాల వాణిజ్య భవనాలపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో నల్లని కప్పును తెల్లగా మార్చినప్పుడు చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల విద్యుత్తు ఆదా అయినట్టు తేలింది. ఏసీ లేని ఇంట్లో ఆ లాభం గది వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గడంగా కనిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలకు పై అంతస్తులో ఉండే వృద్ధులకు, పసిపిల్లలకు ఆ రెండు డిగ్రీలు చాలా పెద్ద ఊరట.

టైల్ కొనేటప్పుడు తెల్లగా ఉందా అని మాత్రమే కాక, సౌర ప్రతిఫలన సూచిక, అంటే ఎస్.ఆర్.ఐ., ఎంతో పరీక్షా పత్రం మీద చూపించమనాలి. సంఖ్య ఎంత ఎక్కువైతే అంత మంచిది. ముఖం గరుకుగా ఉండాలి, లేకపోతే వానలో జారిపడతారు. బాత్‌రూమ్ గోడలకు వాడగా మిగిలిన తెల్లని టైల్స్ వేయిస్తే తక్కువలో పోతుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. అవి జారుతాయి, ఎండకు వాటి గ్లేజు సన్నగా నెరియలిస్తుంది, అతుకు ఊడుతుంది. పగిలిన సెరామిక్ ముక్కలతో వేసే చైనా మొజాయిక్ మాత్రం పనితనం తెలిసిన మేస్త్రీ దొరికితే ఇప్పటికీ మంచి ఎంపికే.

ఇక్కడ బరువును మరచిపోకూడదు. రెండు అంగుళాల మాలు చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది, టైల్ బరువు దానికి అదనం. మనుషులు తిరిగే డాబాకు భారత ప్రమాణాల ప్రకారం తీసుకునే జనభారం, అంటే మనుషులు, కదిలే సామాను వేసే బరువు, చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు అన్నది దృష్టిలో పెట్టుకుంటే ఈ మాలు ఎంత పెద్ద బరువో అర్థమవుతుంది. పాత టైల్స్ మీదనే కొత్తవి వేయిస్తామన్నవారు ఈ లెక్క చూసుకోవాలి. టైల్ వేయడానికి ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్ళు పోయే గొట్టాల మూతులు మూసి, రెండు అంగుళాల లోతున నీరు నిలిపి 48 గంటలు కింది సీలింగ్‌ను గమనించాలి. నీటి వాటం పది అడుగులకు అంగుళంన్నర ఉండాలి. దుమ్ము పేరుకున్న తెల్ల టైల్ తన పని సగం మానేస్తుంది కనుక ఏటా ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి రుద్ది కడిగించాలి.

లెక్క వేసి కొనడం

పెంకులను కొందరు ముక్క లెక్కన, కొందరు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. రెండింటినీ వాలు వైశాల్యపు చదరపు అడుగుకు మార్చుకోకుండా ధరలు పోల్చకూడదు. ఉదాహరణకు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇంటి నేల వైశాల్యం 600 చదరపు అడుగులు. 30 డిగ్రీల వాలుతో కప్పు వేస్తే అది సుమారు 690 అవుతుంది, చూరు బయటికి వచ్చేది దీనికి అదనం. 100 చదరపు అడుగులకు 150 మంగళూరు పెంకుల చొప్పున 1,035 పెంకులు కావాలి. రవాణాలో, పైకి అందించడంలో పగిలేవాటికి ఏడెనిమిది శాతం కలిపితే 1,110 ఆర్డరు ఇవ్వాలి. వాటి బరువు పొడిగా ఉన్నప్పుడు దాదాపు 2.7 టన్నులు, వానకు తడిసినప్పుడు మరో 400 కిలోలు పెరుగుతుంది. వాసాలు, రీపర్లు ఎం.ఎస్. (మామూలు ఉక్కు) పైపులతో చేయించేవారు ఈ తడి బరువునే ఫ్యాబ్రికేటర్‌కు చెప్పాలి, కోసిన చివరలకు, వెల్డింగ్ అతుకులకు తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ రంగు పూయించకుండా పెంకు ఎక్కించనివ్వకూడదు. రీపర్ల ఎడం మంగళూరు పెంకుకు సుమారు 32 సెంటీమీటర్లు ఉంటుంది, కాని సరుకు దిగాక పది పెంకులను నేల మీద వరుసగా తగిలించి కొలిచిన తరువాతే రీపర్లు బిగించాలి. ముందే బిగించిన చోట ప్రతి వరుసా అర అంగుళం తేడా వచ్చి పైన కొప్పు దగ్గర సగం పెంకు కోయవలసి వస్తుంది.

ధర మాట్లాడేటప్పుడు కొప్పు పెంకులు, పక్క అంచు పెంకులు, లోయ రేకు, చూరు దగ్గర మొదటి రెండు వరుసలను కట్టే తీగ, దించుకునే కూలి ఇవన్నీ కలిపి ఉన్నాయా అని అడగాలి. మన ఈదురుగాలులకు మొదట లేచేవి చూరు, అంచు, కొప్పు వరుసలే కనుక ఆ మూడింటిని తీగతో కట్టడమో, స్క్రూతో బిగించడమో చేయించాలి. సోలార్ ప్యానెళ్ళు పెట్టే ఉద్దేశం ఉంటే వాటి క్లాంపులు వాసాలకు బిగించే చోట్లు పెంకు పరచకముందే గుర్తు పెట్టించాలి. పనిని ఏప్రిల్ చివరికి ముగించుకునేలా మొదలుపెడితే వానలకు ముందు లోపాలు సరిదిద్దుకోవడానికి నెల రోజుల వ్యవధి ఉంటుంది.

పని ముగిశాక మిగిలిన పెంకులను మేస్త్రీకి ఇచ్చేయకుండా కనీసం 50 పెంకులను, నాలుగు కొప్పు పెంకులను నిలువుగా పేర్చి నీడలో దాచుకోవాలి. కర్మాగారం అచ్చు మార్చిన తరువాత అదే కొలత పెంకు మళ్ళీ దొరకదు.